ఓడిపోవడం చేతకాని పానకాలు

మాజేటి పానకాలు ఎవర్ని చూసినా ముందు మనసులో తూకం వేసుకుంటాడు. ఈ మనిషి చప్పున కదిలే సరుకా, మూలపడి దుమ్ముపట్టే సరుకా, అసలు దుకాణం గడప తొక్కనివ్వకూడని సరుకా అని. పెళ్ళికి వెళ్ళినా అదే చూపు, పరామర్శకి వెళ్ళినా అదే చూపు. బెజవాడ ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టులు అమ్ముతూ జుట్టు నెరిసినవాడికి వేరే చూపు అలవాటయ్యే తీరికేదీ?

ఆయన మేనకోడలు హిమజ హైదరాబాదులో రెండు స్టార్టప్ కంపెనీల్లో పనిచేసింది. మొదటిది గది నిండా ఆటబల్లలు వేసి, కొనేవాడెవడో తేల్చుకోకుండానే మూతపడింది. రెండోదానికి కొనేవాళ్ళు దొరికారు గానీ, వాళ్ళు అడిగింది కాకుండా తనకి ముచ్చటేసింది తయారుచేసి మూతపడింది. పెట్టె సర్దుకుని వచ్చేసిన పిల్లని పానకాలు ఓదార్చలేదు. అక్కడేం నేర్చుకున్నావని అడిగాడు. ముందు బేరం రావాలి, ఆ తర్వాతే బోర్డు రాయించాలి, అది నేర్చుకున్నాను మావయ్యా అంది. దీనికోసం హైదరాబాదు దాకా వెళ్ళాలా అనుకున్నాడు గానీ పైకి అనలేదు. సరుకు మంచిదే, ఉన్న చోటు బాగాలేక కదల్లేదని తేల్చుకున్నాడు.

ఇద్దరూ కలిసి ‘ఆగిన బండి’ అని ఒకటి మొదలుపెట్టారు. హైవే మీద లారీ ఆగిపోతే డ్రైవరు విరిగిన పార్టుకి ఫొటో తీసి ఫోన్లో పంపుతాడు. అదేమిటో, ఆటోనగర్లో ఏ దుకాణంలో ఉందో హిమజ తయారుచేసిన యాప్ వెతికిపెడుతుంది. కదలగలిగిన బండైతే పానకాలు షెడ్డుకి వస్తుంది. కదల్లేనిదైతే షెడ్డు నుంచి మెకానిక్కే పార్టు పట్టుకుని వెళతాడు. ఉల్లిపాయల లారీ ఎండలో నిలబడితే ఏమవుతుందో తెలిసిన డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. బోర్డు రాయించకముందే బేరం వచ్చింది.

ఈ వ్యాపారం ప్రాణమంతా ఆ షెడ్డులో ఉంది. సరిగ్గా హైవే మలుపులో ఉంది కాబట్టి ఎంత పొడుగు బండైనా ముందుకీ వెనక్కీ తంటాలు పడకుండా తిన్నగా లోపలికి వచ్చేస్తుంది. దూలానికి ఇంజను ఎత్తే చైన్ పుల్లీ ఉంది. ఏళ్ళ తరబడి ఆయిలు తాగి నేల రాయిలా గట్టిపడింది. యాప్ అన్నది రేపు ఇంకొకడు కూడా చేసుకోగలడు, ఆ మలుపు మాత్రం ఇంకొకడికి దొరకదు అని పానకాలు లెక్క. షెడ్డు సర్కారువారిది, ఈయనది లీజు.

అలాంటి షెడ్డుకి నోటీసు అంటించి వెళ్ళారు. ఈ వీధిని ‘నవోన్మేష వాడ’గా ప్రకటించడమైనది, ఇకపై ఇక్కడ గుర్తింపు పొందిన స్టార్టప్‌లు మాత్రమే ఉండదగును, తక్కినవారు ఉగాది లోపు ఖాళీ చేయవలెను అని.

పానకాలు నోటీసు చదివి కంగారుపడలేదు. మనదీ స్టార్టప్పే కదే, వెళ్ళి గుర్తింపు తెచ్చుకుందాం పద అన్నాడు హిమజతో.

ఆ నోటీసు పంపిన నవోన్మేష మిషన్ ఆఫీసు ఆ వీధి చివరనే, పాత బోల్టుల ఫ్యాక్టరీకి రంగులేసి పెట్టారు. డైరెక్టరు శశిశేఖరం గారు పొడుగాటి మనిషి, మాట ఇంకా పొడుగు. ‘ఆగిన బండి’ సంగతంతా విని చాలా సంతోషించారు. సమస్య నిజమైనది, పరిష్కారం సరళమైనది, వినియోగదారులు ఉన్నారు, ఇంతకంటే ఏం కావాలి అన్నారు. అని, దరఖాస్తులో ఒక గడి దగ్గర వేలు ఆపారు.

“ఇది ఖాళీగా ఉందే. ఇంతకుముందు మీరు విఫలమైన సంస్థ పేరు రాయాలి.”

“మేం విఫలం కాలేదండీ.”

“ఒక్కసారి కూడా?”

“లేదండి.”

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి, కడుపులో గడ్డ ఉందని తెలిసిన రోగిని చూసినట్టు జాలిగా చూశారు.

విషయం ఏమిటంటే, క్రిందటేడు మిషన్ వారి మహాసభకి ఎక్కడి నుంచో ఒక కోటీశ్వరుణ్ణి పిలిపించారు. ఆయన మాటల సందర్భంలో, నా మొదటి నాలుగు కంపెనీలు మునిగిపోకపోతే ఈ ఐదోది ఉండేది కాదు అన్నాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు అది రాసుకున్నారు. మునిగినవాడు తేలాడు కాబట్టి మునగనివాడు తేలలేడని అర్థం చేసుకున్నారు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ధ్రువీకరించిన వైఫల్యం కనీసం ఒకటైనా లేనివారికి స్టార్టప్ గుర్తింపు ఇవ్వరాదు.

పానకాలు బేరానికి దిగాడు. తన తండ్రి కిరాణా కొట్టు బుడమేరు వరదలో కొట్టుకుపోయిందని, బెల్లం, చింతపండు, తక్కెడ అన్నీ పోయాయని, అది చెల్లుతుందేమో చూడమన్నాడు.

“వరద ప్రకృతి వైపరీత్యం కిందకి వస్తుంది,” అన్నారు డైరెక్టరు గారు. “పోనీ, ఆ అనుభవం మీద ఆయన ఏమైనా ప్రెజెంటేషన్ ఇచ్చారా?”

“ఎవరికండీ?”

“ఎవరికైనా. ప్రెజెంటేషన్ లేని వైఫల్యాన్ని నష్టం అంటారు, పానకాలు గారూ. నష్టం ఎవరికైనా వస్తుంది. మేం ప్రోత్సహించేది వైఫల్యాన్ని.”

హిమజ గొంతు సవరించుకుని, తాను పనిచేసిన కంపెనీలు రెండూ మూతపడ్డాయని, ఆ కాగితాలు చూపించగలనని చెప్పింది. డైరెక్టరు గారు మెచ్చుకోలుగా తల ఊపి, ఆ సంస్థలు స్థాపించింది నువ్వేనా అమ్మా అని అడిగారు. కాదు, ఉద్యోగం చేశానంది. ఆయన దరఖాస్తు మూసేశారు.

“స్థాపించినవారికి కలిగేది వైఫల్యం. ఉద్యోగులకి కలిగేది నిరుద్యోగం. దాని శాఖ వేరే.”

ఇంటికి వస్తూ పానకాలు లెక్క వేశాడు. షెడ్డు పోతే వ్యాపారం పోతుంది. వ్యాపారం పోతే అది వైఫల్యమే. అప్పుడు గుర్తింపు ఇస్తారు, కానీ గుర్తించడానికి షెడ్డు ఉండదు. ఈ బేరంలో తనకి గిట్టుబాటయ్యే వైపు ఒక్కటే ఉంది. ‘ఆగిన బండి’ని తాకకుండా, పక్కన ఇంకోటి పెట్టి దాన్ని ముంచాలి.

ఏం పెడితే తప్పకుండా మునుగుతుందో చెప్పమని హిమజని అడిగాడు. ఆమెకి అనుభవం ఉంది కాబట్టి వెంటనే చెప్పింది. మజ్జిగ తాగే వేళకి ఫోన్లో గుర్తుచేసే యాప్. పేరు ‘చల్లన’. మజ్జిగ దొరకదు, ఇంటికి రాదు, ఊరికే గుర్తుచేస్తుందంతే. పానకాలు కాసేపు ఆలోచించి, దీనికంటే ఘోరమైనది తనకి తట్టడం లేదని ఒప్పుకున్నాడు.

మిషన్ మార్గదర్శకాల ప్రకారం ఆఫీసులో మామూలు కుర్చీలు పనికిరావు, బీన్ బ్యాగులు ఉండాలి. గోనెలో థర్మోకోల్ గింజలు పోసి కుట్టినట్టుండే ఆ మెత్తటి మూటల్లో కూర్చున్నవాడికి మంచి ఆలోచనలు వస్తాయట, లేవడం మాత్రం ఇంకొకరు చెయ్యిస్తే గానీ కుదరదు. పానకాలు కంపెనీవాణ్ణి పట్టుకుని ధర అడిగాడు. పది తీసుకుంటే ఒక రేటు, లారీడు తీసుకుంటే సగం రేటు అన్నాడు వాడు. ఆ మాట విన్న వ్యాపారి పది ఎలా తీసుకుంటాడు?

‘చల్లన’ అద్భుతంగా మునిగింది. ఎవ్వరూ వాడలేదు. ఒకరిద్దరు పెట్టుకుని, మధ్యాహ్నం నిద్ర చెడగొడుతోందని తిట్టి తీసేశారు. హిమజ రాత్రింబవళ్ళు కూర్చుని నేర్చుకున్న పాఠాలన్నిటితో ప్రెజెంటేషన్ తయారుచేసింది. మిగిలింది ఆఫీసు ఖాళీ చేయడం. గది నిండా బీన్ బ్యాగులు. వాటిని ఊరికే పారేయడానికి పానకాలుకి చెయ్యి రాలేదు. గుర్తింపు కోసం వచ్చి ఆఫీసులు పెడుతున్న కుర్రాళ్ళు ఆ వీధిలో చాలామంది ఉన్నారు. వాళ్ళకి తలా నాలుగు అంటగట్టాడు. పెద్ద వాటా మిషన్ వారే తీసుకున్నారు, తమ ‘చింతన మందిరం’లో వేయడానికి.

వైఫల్య ధ్రువీకరణాధికారి ప్రకాశరావు పరిశీలనకి వచ్చాడు. ఆయన తూనికలు కొలతల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాడు, ఒకప్పుడు పానకాలు కాటాకి సీలు వేసినవాడే. ప్రెజెంటేషన్ చూశాడు, బాగుందన్నాడు. లెక్కలు చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఇదేంటి పానకాలు గారూ. అంతా మునిగాక ఇంకా మిగిలిందే?”

పానకాలు తల వంచుకున్నాడు. “మూటల మీద కొంచెం మిగిలిందండి.”

“తూకం మొగ్గింది,” అన్నాడు ప్రకాశరావు విచారంగా. కాగితం మీద ఇలా రాశాడు. సదరు సంస్థను వైఫల్యముగా పరిగణించుట వీలుకాదు. ఇది మజ్జిగ ముసుగులో నడిచిన లాభసాటి గృహోపకరణాల వ్యాపారము.

మర్నాడు హిమజ మావయ్యకి ఒకటే షరతు పెట్టింది. రెండోసారి ముంచేటప్పుడు ఆయన దేన్నీ కొనకూడదు, దేన్నీ అమ్మకూడదు.

ఈలోగా బెజవాడలో గాలి మారిపోయింది. నిజంగా మునిగినవాళ్ళకి ఎక్కడలేని గౌరవం వచ్చింది. మూడు కంపెనీలు ముంచిన ఒక కుర్రాణ్ణి ఇంజనీరింగ్ కాలేజీలవాళ్ళు వార్షికోత్సవాలకి కారు పంపి పిలిపించుకుంటున్నారు. బెంజి సర్కిల్ దగ్గర ‘పతనం అకాడమీ’ వెలిసింది, ఆర్నెల్లలో గ్యారంటీగా మునిగే పద్ధతులు నేర్పుతామని. కొన్నాళ్ళకి ఆ అకాడమీ నిండిపోయి రెండో శాఖ తెరిచింది, అందుచేత దాని యజమానికే గుర్తింపు రాలేదు. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు ఎత్తేసిన ఒకాయన ఆశతో మిషన్ ఆఫీసుకి వెళితే, స్లయిడ్లు లేవని గుమ్మంలోంచే పంపేశారు.

రెండో ప్రయత్నానికి మిషన్ వారే ఒక సలహాదారుణ్ణి ఇచ్చారు, డైరెక్టరు గారు స్వయంగా పర్యవేక్షిస్తానన్నారు. ‘కలలబండి’ అని, లారీ డ్రైవర్లు తమకొచ్చిన కలల్ని గొంతుతో రికార్డు చేసి ఒకరికొకరు వినిపించుకునే వేదిక. సలహాదారు లెక్క ప్రకారం దీనికి కొనేవాడు ఈ భూమ్మీద లేడు. పానకాలు పని ఫోను ముట్టుకోకుండా కూర్చోవడం.

కొన్నాళ్ళు ముట్టుకోలేదు. ఒకరోజు కలలబండిలో మొట్టమొదటి గొంతు వినిపించింది. ఒడిశా వెళ్ళే డ్రైవరు, కల సంగతి కాదు, తుని దాటాక స్నానానికి మంచినీళ్ళుండే ధాబా ఎక్కడుందని అడుగుతున్నాడు. పానకాలు ఫోను వైపు చూశాడు. హిమజ ఆయన వైపు చూసింది.

“వద్దు మావయ్యా.”

“అడుగుతున్నాడే.”

“అడగనీ. ఎవరూ పలక్కపోతే వాడే వెళ్ళిపోతాడు.”

హిమజ భోజనానికి వెళ్ళింది. కౌంటరు ముందుకొచ్చి అడిగినవాడికి లేదనైనా చెప్పాలి గానీ నోరు మూసుకుని కూర్చోవడం పానకాలు ఒంట్లో లేదు. ఒక్క ధాబా పేరే కదా అనుకుని చెప్పేశాడు. ఆ డ్రైవరు ఇంకో నలుగురికి చెప్పాడు. మర్నాటికి ఎక్కడ రోడ్డు తవ్వారు, ఎక్కడ పార్కింగు భద్రం, ఏ బంకులో మరుగుదొడ్లు శుభ్రం అని ప్రశ్నలు, వాటికి ఒకరికొకరు జవాబులు. కల మాత్రం ఒక్కడూ చెప్పలేదు.

ఈసారి ప్రకాశరావు లెక్కలు చూడాల్సిన పని కూడా లేకపోయింది. పరిశీలనకి వచ్చి కూర్చున్న అరగంటసేపూ ఫోను మోగడం ఆగలేదు. క్షమించాలి, వినియోగదారులు ఉన్నారు అని రాసి సంతకం పెట్టాడు.

ఉగాది దగ్గరపడింది. మెకానిక్ మస్తాను నిచ్చెన వేసుకుని చైన్ పుల్లీ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. గుంటూరు మిర్చి లారీ డ్రైవరు ఒకడు గేటు దాకా వచ్చి, సామాన్లు బయట పేర్చి ఉండడం చూసి, ఎక్కడికి మారుస్తున్నారని అడిగాడు. ఎక్కడా చోటు దొరకలేదని చెప్పడానికి పానకాలుకి నోరు పెగల్లేదు. అడిగినవాడికి జవాబు చెప్పలేకపోవడం ఆయన జన్మలో అదే మొదలు. హిమజ షెడ్డు వెనక్కి వెళ్ళి కాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హైదరాబాదులో రెండుసార్లు చూశాను, సామాన్లు బయటపెట్టేటప్పుడు ఇలాగే ఉంటుంది మావయ్యా, కానీ వాటికి ఎవరూ బేరం రాలేదు అంది.

సరిగ్గా అప్పుడు ప్రకాశరావు వచ్చాడు, ఖాళీ చేస్తున్నారా లేదా చూసి రమ్మన్నారని. అమ్మగా మిగిలిన ఒక బీన్ బ్యాగు మీద కూర్చోబోయి మానుకుని, టైరు మీద కూర్చుని టీ తాగాడు. తాగుతూ ఆఫీసు గోడు వెళ్ళబోసుకున్నాడు. మిషన్ గడువు అయిపోవచ్చిందట. రెండో దశ మంజూరు కావాలంటే పైవాళ్ళు కొత్త సర్క్యులర్ పంపారు. మంజూరు కోరే ప్రతి సంస్థా తన సొంత వైఫల్య ధ్రువపత్రం జతపరచవలెను. మిషన్ దగ్గర అది లేదు. ఇన్ని వైఫల్యాలు ధ్రువీకరించాలని పెట్టుకున్న లక్ష్యం దాటిపోయారు, కాగితాల మీద ఎక్కడ చూసినా విజయమే. డైరెక్టరు గారు అన్నం సరిగ్గా తినడం లేదు.

పానకాలు టీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నాళ్ళూ ఆ ఆఫీసుకి తాను కొనేవాడిలా వెళ్ళాడు. ఇప్పుడు ఆ ఆఫీసే కొనేది. పుల్లీ బోల్టులు మళ్ళీ బిగించమని మస్తానుకి చెప్పి, చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

శశిశేఖరం గారు చింతన మందిరంలో బీన్ బ్యాగులో సగం మునిగి ఉన్నారు. ఈ అవసర సమయంలో ఖాళీ గడువు పొడిగించడం తన చేతిలో లేదని పానకాలు నోరు తెరవకముందే చెప్పేశారు.

“గడువు అడగడానికి రాలేదండి. మీకు కావలసిన సరుకు నా దగ్గరుంది.”

“ఏ సరుకు?”

“మీ వైఫల్యం.”

డైరెక్టరు గారు లేవబోయారు, మూట వదల్లేదు. పానకాలు చెయ్యిచ్చి లేపాడు. ఆ తర్వాత నిదానంగా, సరుకు విప్పి చూపించినట్టు చెప్పాడు. నన్ను విఫలుణ్ణి చేయడానికి మీరు మార్గదర్శకాలిచ్చారు, సలహాదారుణ్ణిచ్చారు, అధికారిని పంపారు, రెండోసారి మీరే దగ్గరుండి చూశారు. రెండుసార్లూ మీవల్ల కాలేదు. ఒక్క సామాన్య వ్యాపారిని ముంచలేని సంస్థ దేనికి పనికొస్తుందో మీరే చెప్పండి. ఆ మాట నేను రాతపూర్వకంగా ఇస్తాను, మా అమ్మాయి స్లయిడ్లు చేస్తుంది.

డైరెక్టరు గారి ముఖంలోకి రక్తం వచ్చింది. ఇది వ్యవస్థాగత వైఫల్యం, అత్యున్నత శ్రేణి అని గొణుక్కున్నారు. తర్వాత అధికారి కాబట్టి అనుమానం వచ్చింది.

“మరి దీనికి మీరేం ఆశిస్తున్నారు?”

“నేను అడిగేదేం లేదండి. మిషన్ విఫలమైతే మిషన్ ప్రకటించిన వాడ ఏమవుతుందో మీ నిబంధనల్లోనే చూడండి.”

చూశారు. మొదటి దశ విఫలమైనట్టు ధ్రువీకరించిన పక్షంలో దాని కింద జారీ అయిన ప్రకటనలన్నీ రద్దు. రద్దయిన వాడలోంచి ఎవర్నీ ఖాళీ చేయించే అధికారం ఎవరికీ ఉండదు. లీజులు ఎప్పటిలాగే సాగుతాయి. డైరెక్టరు గారు పుస్తకం మూసి, పానకాలుకి నమస్కారం పెట్టారు.

మిషన్ వైఫల్య మహోత్సవం ఘనంగా జరిగింది. పూలదండలు, శాలువాలు, వేదిక మీద రెండు వరసల పెద్దలు. హిమజ ప్రెజెంటేషన్ చూపిస్తుంటే ప్రతి స్లయిడుకీ చప్పట్లు. ప్రకాశరావు తన సర్వీసులో ఇంత నిండు తూకం చూడలేదని చెప్పి, సొంత ఆఫీసుకి ధ్రువపత్రం రాసి ముద్ర వేశాడు. ఈ ఘోర వైఫల్యానికి సారథ్యం వహించినందుకు శశిశేఖరం గారిని రెండో దశకి ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ప్రకటించారు. ఆ దశ భీమవరం వైపు, రొయ్యల చెరువుల మధ్య మొదలవుతుందట. ప్రత్యేక సాక్షిగా పానకాలుకి కూడా ఒక ధ్రువపత్రం ఇవ్వబోయారు, విఫలం కావడంలో విఫలమైనందున ఇకపై గుర్తింపుకి అర్హుడని. నాకెందుకండీ, బేరం చేసుకోవాలి అని ఆయన వేదిక దిగి షెడ్డుకి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి మిషన్ ఆఫీసు సామాన్లు వేలం వేశారు. విఫలమైన సంస్థ సామానని ఎవరూ ముందుకు రాలేదు. బీన్ బ్యాగులన్నీ పానకాలే తూకానికి కొనేశాడు, పాత గోనెల రేటుకి. అతి తేలికవి కావడంతో తూకం దాదాపు పలకలేదు. షెడ్డులో ఓ పక్క గుట్టగా పోయించాడు. బండి బాగయ్యేదాకా డ్రైవర్లు వాటిమీద నిద్రపోతున్నారు. హిమజ అది చూసి, వీటికి ఇన్నాళ్ళకి సరైన వాడకందారు దొరికాడు మావయ్యా అంది.

ఒకరోజు మస్తాను లారీ కిందికి దూరి కమాను పట్టీ మారుస్తుండగా పానకాలు ఫోను మోగింది. భీమవరం నుంచి శశిశేఖరం గారు. రెండో దశ ఆఫీసు తెరుస్తున్నామని, మార్గదర్శకాలు మొదటివేనని, ఆ మెత్తటి ఆసనాలు వెంటనే లారీడు కావాలని, పాతవైనా పర్వాలేదని, పాతవి కాబట్టి ధర తగ్గించాలని చెప్పారు.

పానకాలు గుట్ట వైపు చూశాడు. పైన ఒక డ్రైవరు గురకపెడుతున్నాడు.

“తగ్గదండి,” అన్నాడు. “అప్పుడు మీకిచ్చినవి కొత్తవి. ఇవి ధ్రువీకరించిన వైఫల్యం చూసొచ్చినవి. రేటు ఎక్కువ పడుతుంది.”

అవతల నుంచి శశిశేఖరం గారు, అది న్యాయమే అన్నారు.